కొత్త టైలర్లకు రోజూ 12 అంగీల టార్గెట్ ఎందుకు తప్పుతుంది?

అక్కా, హన్మకొండ దగ్గర మీ మహిళా సంఘం కుట్టు సెంటర్‌లో కొత్తవాళ్లకు తలా రోజుకు 12 యూనిఫాం అంగీలని లెక్కేసి బడులకు మాటిచ్చామన్నారు. మూడు రోజులకు లెక్క కుదురుతోంది, మొదటి రెండు రోజుల డెలివరీలే తప్పుతున్నాయన్నారు. 12 అనే సగటు సరైనదే. దాన్ని అన్ని రోజులకూ సమానంగా పంచడంతోనే ఇబ్బంది వచ్చింది.

చేయి తిరగడానికి ఒక లెక్కుంది: కుట్టినవాటి సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ టైము ఒకే శాతానికి తగ్గుతుంది. 1936లో అమెరికా విమాన ఇంజనీరు టి.పి. రైట్ విమానాల తయారీ ఖర్చులో ఇలాంటి తగ్గుదలనే చూపించారు. అది 80 శాతమనుకోండి. మొదటి అంగీకి 90 నిమిషాలు పడితే రెండోదానికి 72, నాలుగోదానికి 58, ఎనిమిదోదానికి 46, పదహారోదానికి 37. ఎనిమిది గంటల పనిలో మొదటి రోజు 8, రెండో రోజు 12, మూడో రోజు 15 లేదా 16 వస్తాయి. మూడో సాయంత్రానికి 36 దగ్గరకు చేరతారు. కానీ మొదటి సాయంత్రం పడిన 4 అంగీల బాకీ రెండో సాయంత్రం కూడా అట్లనే ఉంటది.

మీ సెంటర్ శాతం ఎంతో మీరే కొలవాలి. ఒక్కొక్కరి 2, 4, 8, 16వ అంగీల టైము రాసి, ప్రతిదాన్నీ దాని ముందుదానితో భాగించండి. మొదటి అంగీని నమ్మొద్దు, అందులో అడిగి తెలుసుకునే టైమే ఎక్కువ. విప్పి మళ్లీ కుట్టిన టైము అదే అంగీకి కలపండి, లేకుంటే తొందరపాటు కూడా నేర్పులాగే కనిపిస్తుంది. కాజా మిషన్, కాలరు లోపలి గట్టి గుడ్డను వేడితో అంటించే ఫ్యూజింగ్ ప్రెస్ టైము చేయి తిరిగినా పెద్దగా తగ్గదు, దాన్ని విడిగా లెక్కేయండి.

ఇక పనుల వరస. అన్నీ ఒకే రకం అంగీలైతే ఏ బడివి ముందు కుట్టినా మొత్తం టైము మారదు, కాబట్టి గడువు దగ్గరున్నది ముందు పెట్టండి. పనులు వేరువేరైనా నేర్పు ఒకదాన్నుంచి ఇంకోదానికి పనికొస్తే మాత్రం చిన్నది ముందు. 2, 6, 10 గంటల పనులు మూడున్నాయనుకోండి. ఒక పని తర్వాత ఇంకో పనికి పై లెక్కనే వేగం పెరిగితే (రెండో పనికి 80 శాతం, మూడోదానికి దాదాపు 70 శాతం టైమే పడితే), చిన్నదాన్నుంచి మొదలుపెడితే మొత్తం 13.8 గంటలు, పెద్దదాన్నుంచి అయితే 16.2. చేయి తిరగకముందే పెద్ద పని పట్టుకుంటే నెమ్మదితనమంతా దానిమీదే పడుతుంది. గడువు పెద్దదానికే ఉన్నా ఒక్కోసారి ఇదే మంచిది: 20 గంటల పనికి ముందు 3 గంటల పని చేస్తే 3, 16 కలిపి 19 గంటల్లోనే రెండూ అయిపోతాయి. అయితే అంత వేగం నిజంగా వస్తుందో లేదో ముందు కొలిచి చూడాలి.

కాలరు కుట్టే మనిషిని నడుమ కఫ్‌లకు మార్చకండి, అక్కడ మళ్లీ మొదటి నుంచే నేర్చుకోవాలి. బతుకమ్మకో మేడారం జాతరకో వారం పని ఆగితే వేగం కొంత పోతుంది. తిరిగొచ్చిన పొద్దున మొదటి రెండు అంగీల టైము పట్టుకుని, ఆ తర్వాతే ఆనాటి టార్గెట్ బోర్డు మీద రాయండి.