డాలస్ టికెట్ కొనేముందు

చి.ల.సౌ. సుగుణకు, అక్క ఆశీస్సులు.

అమ్మాయి పురిటికి డాలస్ వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. అల్లుడు మూడు టికెట్లు పంపి ఏదో ఒకటి చెప్పమన్నాడట, నువ్వేమో చవగ్గా ఉన్నది ఖాయం చేద్దామంటున్నావట. కాస్త ఆగు.

శంషాబాద్ నుంచి డాలస్ సూటిగా లెక్కేస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. పక్కింటి పిల్లల గ్లోబు అడిగి రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడు, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దుబాయ్ మీదుగా అయితే అక్కడికి 2,550, అక్కణ్ణుంచి దాదాపు 12,900. వెయ్యి కిలోమీటర్లు ఎక్కువైనా విమానానికి అది గంట పైచిలుకు ప్రయాణమే, దానికి బెంగపడకు.

టికెట్ మీద వేసే టైములు మాత్రం జాగ్రత్తగా చూడు. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. తెల్లవారుజామున 4 గంటలకు ఇక్కడ ఎక్కి, అదే తేదీ సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతావని ఉందనుకో. పన్నెండున్నర గంటలేగా అనిపిస్తుంది. చలికాలంలో వాళ్లు మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అదీ కలిపితే నిండా 24 గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు తేడా పదిన్నరే. వీటికి ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో నాలుగైదు గంటలు, అక్కడ మూడు గంటల ముందు హాజరు కూడా వేసుకో. మరిదిగారి మోకాళ్లు తట్టుకోవాల్సింది ఈ మొత్తాన్ని.

మూడు టికెట్లలో అమెరికాలోనే ఇంకో ఊళ్లో విమానం మారేది ఉంటే వద్దను. అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. ఆ లైను ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు. అది అయ్యాక సూట్‌కేసులు దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, తర్వాతి విమానానికి పరుగు. అదే దుబాయ్‌లోనో దోహాలోనో మారితే, రెండు విమానాలూ ఒకే టికెట్ మీదుంటే, పెట్టెలు వాటంతటవే డాలస్ చేరతాయి. మధ్యలో మూడు, నాలుగు గంటల వ్యవధి ఉండాలి. గంటన్నర ఉన్నది చవకైనా ముట్టుకోకు. వీల్‌చైర్ టికెట్‌తో పాటే పెట్టించమను, ఇందులో మొహమాటమేంటి? మన వాళ్లు సగంమంది అందులోనే వెళ్తారు.

దుబాయ్ నుంచి దాదాపు పదహారు గంటలు ఒక్క బిగిన. నడవా పక్క సీటు అడుగు. గంటకోసారి లేచి వెనక్కి వెళ్లి రా, కాళ్లు నీరు పట్టవు. లేవాల్సి వస్తుందని మంచినీళ్లు మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. మానకు. మరిదిగారి షుగర్ మందులు ఏ టైము ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించుకో. అవి చేతిసంచీలోనే ఉండాలి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలో. పచ్చి కరివేపాకు అసలు పెట్టకు, వాళ్లు రానివ్వరు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డాలస్ నుంచి దుబాయ్‌కి గంట అటూ ఇటూగా తక్కువే పడుతుంది. తేదీ మాత్రం ముందుకు దూకుతుంది. సోమవారం సాయంత్రం అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది బుధవారం తెల్లవారుజామున. కారు మంగళవారానికి చెప్పేవు!

డబ్బు కట్టేముందు ఆ మూడు టికెట్లూ నా వాట్సాప్‌కి పెట్టమను.

మీ అక్క