చేత్తో తినగలిగినన్ని పండ్లే గ్లాసులోకి

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున ఆరున్నరకే కాలేజీ బస్సు. ఇడ్లీ పెడితే ఒకటి తుంచి వదిలేస్తుంది. స్మూతీ అయితే తాగుతానంటోంది. ఫోన్లో చూసి రెండు అరటిపండ్లు, ఒక మామిడిపండు, ఐస్‌క్రీమ్, నాలుగు చెంచాల పంచదార వేసి చేశాను. ఇష్టంగా తాగింది కానీ పది గంటలకే ఆకలేసి కళ్లు తిరిగాయట. మా మిక్సీలో మెత్తగా కూడా నలగడం లేదు. ఎలా చేయమంటారు?

జవాబు: పాప తనంతట తాను అడిగింది కదా తల్లీ, ఆ అవకాశం వదులుకోకండి. మీరు వేసినవాటిలో తీపి చాలా ఎక్కువ, ఆకలి ఆపే మాంసకృత్తులు బాగా తక్కువ. నాకున్న కొలత ఒకటే. ఒక పూట కూర్చుని చేత్తో ఎన్ని పండ్లు తినగలమో అన్నే గ్లాసులోకి వెళ్లాలి. రెండు అరటిపండ్లు, ఒక మామిడిపండు మీ అమ్మాయి ఒక్కసారిగా తింటుందా? తినదు. తాగితే మాత్రం తెలియకుండా దిగిపోతాయి. ఇక పంచదార సంగతి. రోజు మొత్తానికి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మీరు పొద్దున్నే నాలుగు వేసేశారు, ఐస్‌క్రీమ్‌లోది కాక.

రాత్రి పడుకునే ముందు గుప్పెడు శెనక్కాయ గింజలు నానబెట్టండి. పొద్దున వాటిని రెండు గరిటెల పెరుగుతో చిన్న జార్‌లో ముందు మెత్తగా తిప్పండి. తర్వాత ఒక చక్కెరకేళి, ఇంకో అరకప్పు పెరుగు వేసి మళ్లీ తిప్పండి. పెరుగు అడుగున ఉంటేనే బ్లేడు తిరుగుతుంది. పండ్ల ముక్కలు అడుగున పడితే మిక్సీ అరుస్తుంది కానీ నలగదు. చల్లగా కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు వాడండి, ఐస్ గడ్డలు ఇంటి మిక్సీకి వద్దు. తొక్క మీద నల్ల చుక్కలు పడేదాకా మాగిన పండు తీసుకుంటే పంచదార డబ్బా మూత తీసే పనే ఉండదు. ఉలవపాడు సపోటాలు దొరికే రోజుల్లో అరటి మానేసి రెండు సపోటాలు వేయండి. తొడిమ దగ్గర వేలితో నొక్కితే మెత్తగా దిగాలి. గట్టిగా ఉంటే జిగురు గొంతు పట్టేస్తుంది.

ఇంకో మాట. మా మనవరాలు ఒకరోజు మొదటి గుక్కకే గ్లాసు పక్కన పెట్టేసి, "అమ్మమ్మా, కారం వాసన" అంది. జార్ చూస్తే తళతళలాడుతోంది. మూతకున్న రబ్బరు రింగు గోటితో పైకి లేపాను. దాని కింద ఎర్రటి గీత, ముందురోజు ఎండుమిర్చి పచ్చడిది. అప్పటినుంచి పండ్లకు వేరే జార్ పెట్టుకున్నాను. మీకు కుదరకపోతే ఆ రింగు ఊడదీసి సబ్బుతో కడగండి.

కళ్లు తిరగడం మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకసారి రక్త పరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం మనం చాలా ఇళ్లలో చూస్తున్నదే.

ప్రశ్న: మాది కందుకూరు. నాన్నకు అరవై ఆరేళ్లు, పదేళ్లుగా షుగర్. పంచదార మానేసి, రోజూ బత్తాయి రసం వడగట్టి తేనె కలిపి ఇస్తున్నాం. తేనె మంచిదే కదా?

జవాబు: బాబూ, ఈ ఉత్తరం చదువుతుంటే నా గుండె కలుక్కుమంది. మావారికి షుగర్ బయటపడిన ఏడాది నేనూ అచ్చం ఇదే చేశాను. సాయంత్రం నడిచి రాగానే నాలుగు బత్తాయిలు పిండి, వడగట్టి, బెల్లం పొడి కలిపి చేతికిచ్చేదాన్ని. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే అంకె తగ్గకపోగా పెరిగింది. ఏం తాగుతున్నారని డాక్టరు అడిగితే, మా ఆవిడ రోజూ పండ్లరసం ఇస్తుందండీ అని ఎంతో ప్రేమగా చెప్పారాయన. ఇంటికొచ్చాక జల్లెడలో మిగిలిన పిప్పి చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. తీపిని నెమ్మదిగా రక్తంలోకి వెళ్లనిచ్చే పీచంతా అందులోనే ఉంది. దాన్ని రోజూ చెత్తలో పారేసి తీపి మాత్రం ఆయనకిచ్చాను.

తేనె, బెల్లం కూడా షుగర్‌ను పెంచేవే. తేనెలోని తీపిని, వడగట్టిన రసంలోని తీపిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పంచదార లెక్కలోనే వేసింది. రసం బదులు పండే తినమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోనూ ఉంది. అందుకని బత్తాయి తొనలు ఒలిచి నాన్న చేతికివ్వండి, నాలుగైదు చాలు.

గ్లాసులోనే కావాలంటారా? దోరజామకాయ సగం, చిన్న కీరాముక్క, ఒక కప్పు పల్చటి పెరుగు, గోరంత అల్లం, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు వేసి తిప్పి, చివర్లో సగం పొదలకూరు నిమ్మకాయ పిండండి. వడగట్టొద్దు. జామగింజలు పంటికి తగిలితే తగలనివ్వండి. నూరు గ్రాముల జామలో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. అయితే ఇది తాగించి టిఫిన్ మాన్పించొద్దు. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది. కిడ్నీ ఇబ్బంది ఉంటే అరటిపండు లాంటివి డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

ప్రశ్న: మేం ఒంగోలులో ఉంటాం. బొప్పాయి, పాలు కలిపి తిప్పి ఫ్రిజ్‌లో పెడితే మధ్యాహ్నానికి చేదెక్కుతోంది. పాలు కల్తీవా? మా కోడలికి ఐదో నెల, ఆమెకూ ఇవ్వొచ్చా?

జవాబు: పాలను అనుమానించకండి. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది, చేదు అక్కడ పుడుతుంది. పెరుగుతో చేసి దాచినా అంతే. తిప్పిన వెంటనే తాగేయండి, లేదా పాలు మానేసి నిమ్మరసం, నీళ్లతో చేసుకోండి. కోడలికి పచ్చి బొప్పాయి, సగం పండినది అసలు ఇవ్వొద్దు. బాగా పండినదైనా ఆమెను చూస్తున్న డాక్టరును అడిగాకే. అప్పటిదాకా పైన చెప్పిన చక్కెరకేళి, శెనక్కాయ గింజల గ్లాసు ఆమెకు చేసివ్వండి.