ప్రైవేటు బడిలో పేద పిల్లలకు 25 శాతం సీట్లంటే ఏంటి?

బోరబండలో ఆటో నడిపే మా పక్కింటాయన నన్నూ ఇదే అడిగాడు, చేతిలో ఆదాయ సర్టిఫికెట్, పాప ఆధార్, చెమటకు మెత్తబడిన కవరు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎయిడ్ లేని ప్రైవేటు బడి ఒకటో తరగతిలో, నర్సరీ ఉంటే అక్కడి నుంచే, కనీసం నాలుగోవంతు సీట్లు చుట్టుపక్కల పేద పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలి. సర్కారు బడిలో ఒక్కో పిల్లకయ్యే ఖర్చు, ఆ బడి ఫీజు, రెండింట్లో ఏది తక్కువైతే అది ప్రభుత్వం కడుతుంది. మైనారిటీ బడులకు మినహాయింపు.

చిక్కంతా అమలులోనే, ఎందుకంటే రూల్స్, డబ్బు రెండూ రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి, మన తెలంగాణలో ఏళ్ల తరబడి నాన్చారు, అది పిల్లలకు చేసిన అన్యాయమే. గురుకులాల ప్రవేశ పరీక్ష ఉందిలే అంటారు, కానీ అది ఐదో తరగతికి, ఆయన పాపకి ఇంకా ఆరేళ్లే.