నాట్ల నెలల్లో స్త్రీల కూడిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చర్చి స్త్రీల సమాజంలో 28 మందిమి. జనవరిలోనే ఏడాది పొడుగునా బుధవారం ప్రార్థన కూడికలన్నీ పట్టిక వేసుకుంటాం. జూలై వచ్చేసరికి నలుగురైదుగురమే మిగులుతున్నాం. విశ్వాసం చల్లారిందని సంఘ పెద్దలు అంటున్నారు. పట్టిక ఎట్లా వేసుకోవాలి?

జవాబు: విశ్వాసం చల్లారలేదమ్మా, నాట్లు పడ్డాయి. పొద్దున ఏడింటికే ఆటో ఎక్కి నాటుకు పోయే మనిషికి పదకొండు గంటల కూడిక పెట్టి, రాలేదని పుస్తకంలో రాయడం అన్యాయం. మీరు ముందు కూడికలు రాసి ఊరి పనులను మరిచారు. ఈసారి తిరగేయండి. డిసెంబరు మొదటి వారంలో ఒక చార్టు మీద 12 గడులు గీసి ముందు పనులే రాయించండి. యాసంగి నాట్లు జనవరిలో, వానాకాలం నాట్లు జూలై, ఆగస్టుల్లో, పత్తి ఏరడం అక్టోబరు నుంచి జనవరి దాకా. ఈ గడులు నింపాల్సింది కూలికి పోయే అక్కలు. పాస్టరమ్మగారు, టీచర్లు పక్కన కూర్చుంటే చాలు.

రెండు నాట్ల కాలాల్లోనూ కూడికను రాత్రి 7.30కు, వాడలోనే ఒకరి వాకిట్లోకి మార్చండి. మొత్తం 40 నిమిషాలు: రెండు పాటలకు 10, వాక్యానికి 10, ప్రార్థన విన్నపాలకు 15, ప్రకటనలకు 5. వాక్యం పది నిమిషాలు దాటితే కునుకుపాట్లు మొదలవుతాయి. పొద్దంతా వంగి నాటిన నడుము కింద కూర్చోలేదు, నాలుగు కుర్చీలైనా వేయండి. పత్తి రోజుల్లో 15 రోజులకు ఒక కూడిక చాలు. పెద్ద పనులు ఏడాదికి నాలుగే పెట్టుకోండి: మార్చిలో ప్రపంచ ప్రార్థన దినం, మేలో పిల్లల వీబీఎస్ (సెలవుల్లో నడిపే బైబిలు బడి), వరి ఇంటికి చేరాక కోత పండుగ, క్రిస్మస్. అంతకు మించితే పని ముగ్గురి నెత్తిన పడుతుంది, మరుసటి ఏడు ఆ ముగ్గురూ పదవులు వద్దంటారు.

పోయిన ఏటి పట్టికలో అంకె మార్చి జిరాక్సు తీయకండి. ఈస్టర్ 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. దానితోపాటు, ఈస్టర్ ముందటి ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18 నుంచి 10కి జరుగుతుంది. శుభ శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒకదాని మీద ప్రసంగం స్త్రీలకు ఇచ్చే సంఘమైతే, ప్రసంగించే అక్కకు భస్మ బుధవారం నాడే చెప్పండి. శుభ శుక్రవారానికి ముందటి మట్టలాదివారం నాడు చెబితే ఆమె వారమంతా భయంతోనే గడుపుతుంది.

ప్రశ్న: మక్తల్ వైపు సంఘం మాది. పంటలయ్యాక సగం మంది వలస పోతారు. పోయినవాళ్ల పేర్లు కొట్టేయాలా?

జవాబు: కొట్టేయకండి. పదవుల ఎన్నిక మీ సంఘ నియమం ఒప్పుకుంటే జూన్‌లో పెట్టుకోండి, అప్పుడు వాళ్లు ఊళ్లో ఉంటారు. పోయే ముందు ఆదివారం పేరు పేరునా ప్రార్థన చేసి పంపండి. వెనక ఉండిపోయిన ముసలివాళ్లను, పిల్లలను చూసే పని ఇంటికొకరికి అప్పగించండి, వారానికి ఒకసారి తప్పకుండా పోవాలి. పోయినప్పుడు అడగాల్సినవి మూడే: బీపీ, షుగర్ మాత్రలు ఉన్నాయా, రేషన్ తెచ్చుకున్నారా, పిల్లలు బడికి పోతున్నారా. అక్కడినుంచే కొడుక్కో కోడలికో ఫోన్ కలిపి మాట్లాడించండి.

ప్రశ్న: పిడికెడు బియ్యం కానుక మొదలుపెట్టాం. పురుగు పడుతోంది. కోత పండుగ ప్రేమ విందులో (సంఘమంతా కలిసి తినే భోజనంలో) వండితే కొంత ముద్దయింది, కొంత పలుకు మిగిలింది. నకిరేకల్ నుంచి.

జవాబు: ముందు లెక్క చూద్దాం. ఆడమనిషి పిడికెడంటే దాదాపు 50 గ్రాములు. ఎసరు పెట్టే ముందు రోజుకొక పిడికెడు తీస్తే నెలకు ఇంటికి కిలోన్నర. 20 ఇళ్లు తెస్తే 30 కిలోలు. ఇంత బియ్యాన్ని మూడు నెలలు మూటలో కట్టి మందిరం మూల పెడితే పురుగు పట్టక ఏం చేస్తుంది? ఒక ఇంటి బియ్యంలో ముక్కు పురుగు గుడ్లు ఉన్నా చాలు, మూట మొత్తానికి పాకుతుంది. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, తెచ్చిన రోజే ఖర్చు చేయండి: వేలం వేయడమో, అవసరమున్న ఇంటికి చేర్చడమో. ఉంచక తప్పకపోతే మూత గట్టిగా పట్టే డబ్బాలో, నీడలో ఎండబెట్టిన వేపాకుతో, నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టండి. పచ్చి వేపాకు వేయకండి, దాని తేమకే బియ్యం వాసన పట్టుద్ది. పురుగు పట్టిన బియ్యాన్ని మండే ఎండలో పోస్తే గింజ పగిలి నూకలవుతాయి. పొద్దుటి పూట పలచగా పరిచి, చాటలో చెరిగి, జల్లెడ పట్టండి.

ముద్దకు కారణం కలగలుపు. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, కొత్త బియ్యం తక్కువ నీటికే మెత్తబడుతుంది. ఒకే కొలత ఎసరు రెండింటికీ కుదరదు. తీసుకునేటప్పుడే కొత్తవి, పాతవి రెండు సంచుల్లో పోయించండి. కలిసిపోయాయా, కొలత ఎసరు మానేసి నీళ్లు ఎక్కువ పోసి గంజి వార్చండి, పలుకు చూసి దించవచ్చు. 100 మందికి 12 నుంచి 13 కిలోలు పడుతుంది. అన్నీ ఒకే గిన్నెలో వేయకుండా రెండు గిన్నెల్లో వండితే అడుగు మాడదు. వండడానికి పనికిరాని కలగలుపు బియ్యం పిండి పట్టిస్తే క్రిస్మస్ మురుకులకు వస్తుంది.

రెండు జాగ్రత్తలు. రేషన్ బియ్యం వేలం వేయకండి, అమ్మడం నేరం. ఎవరైనా అవే తెస్తే వద్దనకుండా, వేరుగా పెట్టి విందులో వండండి. ఇక ఇంటింటి తూకం చదవనే వద్దు. మొత్తం ఎంతైందో చెప్పండి. అరపావు తెచ్చిన విధవరాలి పేరు పది కిలోల ఇంటి పక్కన చదివితే ఆమె మళ్లీ రాదు.

ప్రశ్న: ప్రపంచ ప్రార్థన దినం ఆరాధన క్రమం చదివేసరికి రెండు గంటలవుతోంది. సగం మందికి చదువు రాదు. గద్వాల నుంచి.

జవాబు: మార్చి మొదటి శుక్రవారం జరిగే ఈ ఆరాధనకు మూలం 1887లో అమెరికాలో మేరీ ఎలెన్ జేమ్స్ ఇచ్చిన ప్రార్థన పిలుపు. 1927 నుంచి ప్రపంచమంతా జరుపుతోంది. ఏటా ఒక దేశం స్త్రీలు క్రమం రాస్తారు: 2024లో పాలస్తీనా, 2025లో కుక్ దీవులు, 2026లో నైజీరియా. నైజీరియా స్త్రీలు తీసుకున్న వాక్యం మత్తయి 11:28–30, భారం మోసేవారికి విశ్రాంతి. మీ అక్కలకు విడమరిచి చెప్పనక్కర లేని మాట అది.

క్రమంలో ఆ దేశపు స్త్రీల గాథలు ఉంటాయి. వాటిని చదివించకండి, చెప్పించండి. చదువు రాని ముగ్గురిని ఎంచి, ఒక్కొక్కరికి ఒక గాథ నాలుగు సాయంత్రాలు వినిపిస్తే తమ మాటల్లో చెబుతారు, ఒక్కోటి మూడు నిమిషాలు. అందరూ కలిసి పలకాల్సిన జవాబు ఒకే వాక్యానికి కుదించి ముందటి రెండు బుధవారాలు పలికించండి. చదివేవాళ్ల కాగితాలు పెద్ద అక్షరాల్లో రాయించండి, సాయంత్రం కరెంటు పోతే సన్న అక్షరం కనిపించదు. శుక్రవారం పని రోజు కాబట్టి 6.30కు మొదలుపెట్టి 7.45కు ముగించండి. ఊళ్లో బాప్టిస్టు, సీఎస్ఐ, మెన్నోనైట్, పెంతెకోస్తు సంఘాలుంటే ఒకచోటే కలవండి, ఒక్కో ఏడు ఒక్కో మందిరంలో. ఎక్కడ కూడాలో జనవరిలోనే తేల్చుకోవాలి. ఫిబ్రవరి చివర మొదలుపెడితే ఆ మాటే తెగదు.

ప్రశ్న: వీబీఎస్ ఎండల్లో పెట్టవచ్చా?

జవాబు: పొద్దున 7 నుంచి 9.30 లోపు ముగిస్తే పెట్టవచ్చు. అయిదు రోజులు చాలు. 12 నుంచి 15 మంది పిల్లలకు ఒక టీచర్. రేకుల షెడ్డు కింద వద్దు, చెట్టు నీడ మేలు. పిల్లవాడు నీరసపడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే హాని. వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా ఇంటి వైద్యం ఆపి దవాఖానకు తీసుకుపోవాలి.

ప్రశ్న: కోశాధికారి ఫోన్‌పేకే కానుకలు వస్తున్నాయి. ఇప్పుడు లెక్క తేలడం లేదు. కల్వకుర్తి నుంచి.

జవాబు: ఆమె తప్పు చేసిందని అనుకోకముందే కాగితం తీయండి. ఆ నంబరుకే కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, సమాజం కానుక అన్నీ కలిశాయి, అందుకే తేలడం లేదు. ఆమె పక్కనే కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంటు మీద సమాజం సొమ్మును పెన్నుతో గుర్తు పెట్టండి. ఇవాళ్టి నుంచి వ్యక్తి నంబరు ఆపండి. సమాజం తీర్మానం రాసి, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా అడగండి. బ్యాంకు వాళ్లు కోరే కాగితాలు వచ్చేదాకా సంఘం ఖాతాలోనే స్త్రీల సమాజం పేర వేరు పద్దు రాయించండి. నగదును కూడిక చోటే ఇద్దరు లెక్కపెట్టి, అంకె పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చేసి లేవాలి. చదువు రాని అక్క ఒకరిని ఆ ఇద్దరిలో ఉంచి వేలిముద్ర వేయించండి. నోట్లు లెక్కపెట్టడం ఆమెకు బాగా వచ్చు.