సీఎంసీ డీఎస్ విలువ ప్రతిసారీ మారుతోంది, నమూనాను ఎన్‌ఎంఆర్‌కు పంపాలా?

పత్తి కట్టె నుంచి తీసిన సెల్యులోజ్‌తో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (సీఎంసీ) తయారు చేస్తున్నామని, ఒకే పొడికి డీఎస్ (ప్రతిక్షేపణ స్థాయి, అంటే ఒక్కో గ్లూకోజ్ యూనిట్‌కు సగటున ఎన్ని కార్బాక్సీమిథైల్ సమూహాలు అతుక్కున్నాయో చెప్పే అంకె) టైట్రేషన్‌లో ఒకసారి 0.64, ఇంకోసారి 0.71 వస్తోందని, నల్లగొండలోని మీ కళాశాలలో ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణాన్ని అయస్కాంత క్షేత్రంలో చూపే యంత్రం) లేదు కాబట్టి నమూనాను హైదరాబాదు పంపాలా అని అడిగారు. ఇప్పుడే డబ్బు తగలేయకండి. జడ్చర్ల వైపు ఒక మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో ఇలాంటి పొడులతోనే నా పని. తేడా చాలావరకు బ్యూరెట్ పట్టుకోకముందే వచ్చేస్తుంది.

మొదటి అనుమానం తేమ మీద. గ్రాముకు ఆమ్ల సమూహాలు 3.5 మిల్లీతుల్యాంకాలు ఉన్నాయనుకుందాం. దాన్ని 0.162తో గుణించి, ఒకటిలోంచి ఆ 3.5కు 0.058 రెట్లు తీసేసిన సంఖ్యతో భాగిస్తే డీఎస్ 0.71. అదే పొడి 8 శాతం తేమ పీల్చుకుని ఉంటే 3.22 అవుతుంది, డీఎస్ 0.64కు దిగుతుంది. అచ్చంగా మీ రెండు అంకెలే! ఒకే సీసాలోని పొడి మే నెలలో ఒక మాట, ఆగస్టులో ఇంకో మాట చెప్పడం మా దగ్గరా మామూలే. తూచే రోజే అదే పొడి కొంత వేరుగా 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తేమ లెక్కకట్టండి.

రెండోది కడగడం. టైట్రేషన్‌కు ముందు సీఎంసీ సోడియం రూపాన్ని ఆమ్ల రూపంలోకి మార్చడానికి నైట్రిక్ ఆమ్లం కన్నా 80 శాతం ఆల్కహాల్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం నయం. నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిసిన వ్యర్థాన్ని మూత బిగించి ఉంచితే సీసా పేలే ప్రమాదం ఉంది. తర్వాత 80 శాతం ఆల్కహాల్‌తోనే కడుగుతూ, వడపోత ద్రవంలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లని మబ్బు కనిపించనంత వరకు ఆపకండి. మిగిలిన ఆమ్లం డీఎస్‌ను పెంచి చూపుతుంది. ఆల్కహాల్ పలచన చేయడానికి, గాజు సామాను చివరి కడుగుకు స్వేదనజలమే వాడండి. మన బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటే ఆ మబ్బు ఎప్పటికీ పోదు. బైకార్బొనేట్ ఉంటే ఆమ్లాన్ని మింగుతుంది. ఫ్లోరైడ్ పేరుకే నల్లగొండ నీళ్లను తిడతాం గానీ, టైట్రేషన్‌కు చేటు చేసేది ఈ రెండే.

ఆమ్ల రూపంలోకి మార్పు పూర్తయిందో లేదో ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ వర్ణపటంలో) చూడవచ్చు: 1600 సెం.మీ⁻¹ దగ్గరి శిఖరం తగ్గి 1730 దగ్గర కొత్తది లేవాలి. 1640 దగ్గర నీటి శిఖరం కూడా ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

ఇక టైట్రేషన్. అదనపు సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి కరిగించినప్పుడు ఉండలు మిగలకూడదు. మిగిలితే, ఖర్చు కాని క్షారాన్ని ఆమ్లంతో టైట్రేట్ చేసేటప్పుడు, సూచిక ఫినాఫ్తలీన్ గులాబీ రంగు పోయిందని బ్యూరెట్ ఆపిన అర నిమిషానికి మళ్లీ తేలుతుంది. ఉండలో చిక్కుకున్న క్షారం నెమ్మదిగా బయటికొస్తోందన్నమాట. పొడిని ముందే మెత్తగా నూరి, ఆల్కహాల్‌తో తడిపి వేస్తే ఈ బాధ తక్కువ. బ్లాంక్‌ను (పొడి వేయని క్షారాన్ని) కూడా అంతే సేపు వేడిచేయండి, క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది కదా.

మీది పత్తి కట్టె కాబట్టి ఇంకొకటి. హెమీసెల్యులోజ్, లిగ్నిన్ కొంత మిగిలే ఉంటాయి, వాటిలోని ఆమ్ల సమూహాలూ క్షారం తింటాయి. చర్య జరపని గుజ్జునూ ఇదే దారిలో టైట్రేట్ చేసి ఆ విలువ రాసి పెట్టుకోండి. పరిశోధన పత్రాల్లో చాలామంది ఇది వదిలేస్తారు, నాకైతే నచ్చదు.

టైట్రేషన్ చెప్పేది సగటు మాత్రమే. గ్లూకోజ్ యూనిట్‌లోని 2, 3, 6 కార్బన్లలో దేని మీద ఎంత ప్రతిక్షేపణ జరిగిందో కావాలని మీ గైడ్ అడిగితే, అప్పుడు పంపండి ఎన్‌ఎంఆర్‌కు.