కాలిపోయిన ఛార్జర్ ఆ షాపాయనకి ఇచ్చేయకండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మావారు కువైట్‌లో ఉంటారు. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ చదువుతున్నాడు. నా గొలుసు తాకట్టు పెట్టి 2024 ఫిబ్రవరిలో వాడికి ల్యాప్‌టాప్ కొన్నాం. ఛార్జర్ వైరు ఎలక కొరికేసింది, కంపెనీది 3,400 అన్నారని భీమవరంలోనే ఒక షాపులో ఒరిజినలే అని చెప్తే ఆగస్టు 9న 1,800కి కొన్నాడు. బిల్లు ఇవ్వలేదు. నవంబరు 21 రాత్రి ఛార్జర్‌లోంచి పొగ వచ్చి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మదర్‌బోర్డు పోయింది, 34,500 అవుతుంది, వాడిన ఛార్జర్ మాది కాదు కాబట్టి వారంటీ రాదు అని సర్వీస్ సెంటర్లో కాగితం రాసిచ్చారు. షాపాయన ఏడాదిన్నరగా తిప్పుతున్నాడు. ఇప్పుడేమో కాలిన ఛార్జర్ తెచ్చివ్వండి, కొత్తది ఇచ్చి పైన రెండు వేలు ఇస్తానంటున్నాడు. మా తమ్ముడు తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయించేద్దాం అంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, పైన వేసింది దాని సారం మాత్రమే. అందులో మూడు పేజీలు గొలుసు గురించి, మీవారు అక్కడ పడే కష్టం గురించి, అబ్బాయి ప్రాజెక్టు పోయి ఏడ్చిన సంగతి గురించి రాశారు. అవన్నీ నిజమే, కానీ వినియోగదారుల కమిషన్ ముందు వాటి గురించి ఎవరూ అడగరు. మీ కేసు మొత్తం ఒకే ఒక్క వస్తువు మీద నిలబడి ఉంది, అది ఆ కాలిపోయిన ఛార్జర్. షాపాయనకి ఈ సంగతి మీకంటే ముందే అర్థమైంది, అందుకే ఇన్నాళ్ళూ మొహం చాటేసిన మనిషి ఇప్పుడు తనే పిలిచి రెండు వేలు ఇస్తానంటున్నాడు. ఆ రెండు వేలు తీసుకుని ఛార్జర్ చేతిలో పెట్టారంటే మీ 34,500కి అక్కడితో నీళ్ళొదులుకున్నట్టే. రేపు కమిషన్‌లో ఆయన లాయరు లేచి, ఏదండీ మా క్లయింటు అమ్మాడంటున్న ఛార్జర్, చూపించండి అంటే మీరేం చూపిస్తారు?

ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. జనం ఏం చేస్తారంటే కంపాటిబుల్ ఛార్జర్‌ని, డూప్లికేట్ ఛార్జర్‌ని ఒకే గాట కట్టేస్తారు. రెండూ ఒకటి కాదు. వేరే కంపెనీవాడు తన పేరు వేసుకుని, ఇది ఫలానా మోడల్‌కి సరిపోతుంది అని రాసి అమ్మితే అది కంపాటిబుల్, అందులో తప్పేం లేదు, మంచివి కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ కంపెనీ పేరు, లోగో వేసి అది తయారు చెయ్యని సరుకు అమ్మితే అది నకిలీ. అసలు కానిదాన్ని అసలైనదని చెప్పి అమ్మే సరుకుకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో విడిగా నిర్వచనమే ఉంది. ఇప్పుడా షాపాయన ఏమంటున్నాడు, నేను కంపాటిబుల్ అని చెప్పే ఇచ్చాను, 1,800కి ఒరిజినల్ ఎలా వస్తుందో వాళ్ళకి తెలీదా అంటున్నాడు. ఈ రెండో ముక్క మీకు గట్టిగానే తగులుతుంది, 3,400 వస్తువు 1,800కి ఇస్తుంటే అనుమానం రాలేదా అని కమిషన్ కూడా అడగొచ్చు. దానికి మీ జవాబు ఛార్జర్ మీదే ఉంది. కంపాటిబుల్ అని చెప్పి ఇచ్చినవాడు ఆ కంపెనీ లోగో ఉన్న ఛార్జర్ ఎందుకిచ్చాడు?

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. స్టిక్కర్ ఒక మూల కాలి ముడుచుకుపోయింది గానీ పైన లోగో స్పష్టంగా ఉంది. అవుట్‌పుట్ దగ్గర 19.5 వోల్ట్, 3.34 ఆంపియర్ అని ఉంది, అంటే 65 వాట్లు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న ఫొటోలో కూడా అదే అంకె. ఇది చాలా మంచిది, ఎందుకంటే వీళ్ళు రేటింగ్ కుదరని ఛార్జర్ పెట్టి పాడుచేసుకున్నారు అనే వాదన ఇక్కడ నిలబడదు. దాని కింద ఐఎస్ (భారత ప్రమాణం) నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉండాలి, ఫొటోలో ఆ చోటు మసగ్గా ఉంది. పగటి వెలుతురులో దగ్గరగా మళ్ళీ తియ్యండి. ల్యాప్‌టాప్ అడాప్టర్లని 2012 కేంద్ర ఆర్డర్ కింద 2014లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కంపల్సరీ రిజిస్ట్రేషన్ లిస్టులో చేర్చారు, ఇప్పుడు 2021 ఆర్డర్ నడుస్తోంది. ఆ నంబరు లేకుండా ఒరిజినల్ అని గానీ కంపాటిబుల్ అని గానీ, ఏ పేరుతో అమ్మినా తప్పే. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ తయారీదారు పేరు మీద, ఏ బ్రాండుకి ఉందో వస్తుంది. నంబరు లేకపోయినా, ఉండి వేరే బ్రాండు పేరు చూపించినా, నేను కంపాటిబుల్ అనే చెప్పాను అన్న షాపాయన మాటకి ఇంక విలువ ఉండదు. అందుకే ఆ ఛార్జర్ ఇవ్వొద్దు అంటున్నాను.

ఇప్పుడు మీరు తిట్టుకున్న కాగితం సంగతి. సర్వీస్ సెంటర్ వాళ్ళు రాసిచ్చింది కోపంతో చింపేద్దామనుకున్నానని రాశారు, చదివి నాకు గుండె ఝల్లుమంది. అమ్మా, షాపాయన మీద మీకున్న అతిపెద్ద సాక్ష్యం ఆ జాబ్ షీటే. ఈ అడాప్టర్ మేం తయారు చేసింది కాదు అని స్వయానా ఆ కంపెనీ సర్వీస్ సెంటరే రాసిచ్చాక, లోగో నకిలీ అని వేరే ఎవరు చెప్పాలి? వారంటీ విషయంలో అది మీకు వ్యతిరేకం, షాపాయన విషయంలో మీకే బలం. ల్యాప్‌టాప్ కంపెనీని కూడా రెండో ప్రతివాదిగా చేర్చండి. వారంటీ మీద వాళ్ళతో గెలుస్తారని నేను చెప్పను, బయటి ఛార్జర్ వల్ల పాడైతే వారంటీ వర్తించదని షరతుల్లో సాధారణంగా ఉంటుంది. కాకపోతే ఛార్జర్ మాది కాదు అనడం వేరు, బోర్డు పోయింది ఆ ఛార్జర్ వల్లే అని తేల్చి చెప్పడం వేరు. జాబ్ షీట్‌లో రెండోది రాసి లేకపోతే ఈమెయిల్ పెట్టి అడగండి, రాస్తే షాపాయన దొరికిపోతాడు, రాయకపోతే వారంటీ ఎందుకు ఇవ్వలేదో వాళ్ళే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

బిల్లు సంగతికొస్తే, చదువుకుంటున్న కుర్రాడు 1,800 పెట్టి కరెంటు వస్తువు కొంటూ బిల్లు అడగకపోవడం ఏంటమ్మా? పచారీ కొట్లో చింతపండుకి చీటీ రాయించుకుంటాం. సరే, జరిగిపోయింది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే, కాబట్టి బిల్లు లేదు గనక కేసు లేదు అని భయపడొద్దు, దాన్ని కూడా ఫిర్యాదులో ఒక పేరాగా రాయండి. అబ్బాయి ఫోన్‌పేలో కట్టాడు కదా, బ్యాంకుకెళ్ళి ఆ నెల స్టేట్‌మెంట్ స్టాంపు వేయించి తెచ్చుకోండి, అందులో షాపు పేరు, తేదీ, 1,800 కనపడతాయి. కానీ ఆ 1,800 దేనికి కట్టారో స్టేట్‌మెంట్ చెప్పదు, అది చెప్పేది వాట్సాప్. నాలుగో పేజీ అడుగున ఒక్క లైన్లో రాసేసి వదిలేశారు, ఒరిజినల్ ఉందా అన్నా అని అబ్బాయి అడిగితే ఉంది తమ్ముడూ 1,800 రా అని ఆయన జవాబిచ్చాడని. అసలు ఉత్తరం ఆ లైన్‌తో మొదలవ్వాలి. ఆ చాట్ పాత ఫోన్లో ఉందన్నారు, ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చెయ్యొద్దు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు. ఆయన నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్లు తియ్యండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద, ఈ ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని ఇచ్చే సర్టిఫికెట్ కూడా జత చెయ్యండి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టంత పట్టుగా చూడదు గానీ, అవతలివాళ్ళకి ఆ సందు ఎందుకివ్వాలి?

మీ తమ్ముడుగారి సలహా దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నాను, పాత తేదీ బిల్లు ఊసెత్తొద్దు. అది ఫోర్జరీ, సాయం కాదు. బిల్లు పుస్తకంలో వరస నంబర్లుంటాయి, జీఎస్టీ రిటర్న్‌లుంటాయి, మీ ఫోన్‌పే డబ్బులు ఒక షాపుకి వెళ్ళి బిల్లు ఇంకో షాపుది ఉంటే పదో తరగతి పిల్లాడు కూడా పట్టేస్తాడు. అప్పుడు నిజమైన చాట్, నిజమైన జాబ్ షీట్ కూడా అబద్ధాల కింద కొట్టుకుపోతాయి, పైగా దొంగ సాక్ష్యం పెట్టారని మీ మీద, ఆ బిల్లు రాసినాయన మీద క్రిమినల్ కేసు పడుతుంది. ఒక్క కాగితం కోసం ఉన్న సాక్ష్యమంతా పాడుచేసుకోకండి.

ఇక గడువు. ఇదే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్యానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వెయ్యాలి. ఆ కారణం పుట్టింది పొగ వచ్చిన నవంబరు 21న అని నేను వాదిస్తాను, కాదు కొన్న ఆగస్టు 9నే అని అవతలివాళ్ళు వాదిస్తారు. ఆ గొడవ మనకెందుకు, ముందు తేదీ నుంచే లెక్కేసుకుందాం. అంటే ఈ 2026 ఆగస్టు మొదటి వారం దాటకూడదు. ఇప్పుడు మేలో ఉన్నాం. మేం మధ్యమధ్యలో ఫోన్లు చేస్తూనే ఉన్నాం, మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాం అని రాశారు, వాటి వల్ల గడువు ఒక్క రోజు కూడా పెరగదు. స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపినా పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించినా పెరగదు. 1915కి చెయ్యండి, కొన్నిసార్లు అక్కడే సెటిల్ అవుతుంది, అలాగని దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, కానీ షాపాయన తిప్పాడండి అన్నది సరైన కారణమో కాదో వాళ్ళ ఇష్టం, మీ కేసుని ఆ ఇష్టానికి వదిలెయ్యొద్దు. ఏడాదిన్నర ఊరుకున్నారు, ఆ మాట అనకుండా ఉండలేకపోతున్నాను.

ఎక్కడ వెయ్యాలి అంటే, షాపు భీమవరంలో ఉంది, మీది కోనసీమ, జిల్లాలు వేరు, వాయిదాకోసారి చించినాడ వంతెన దాటి వెళ్ళాలేమో అని మీ భయం. అక్కర్లేదు. ఈ 2019 చట్టంలో ఫిర్యాదు చేసేవాళ్ళు ఉండే చోటు మీద అధికారం ఉన్న జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు. ఆన్‌లైన్లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వెయ్యొచ్చు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలనే రూలు కూడా లేదు, అబ్బాయే నిలబడి చెప్పుకోవచ్చు. ల్యాప్‌టాప్ బిల్లు మీ పేరున, ఛార్జర్ డబ్బులు అబ్బాయి ఖాతాలోంచి కాబట్టి ఇద్దరూ ఫిర్యాదుదారులుగా వెయ్యండి.

షాపాయన రేపు హోల్‌సేల్ వాడు ఇచ్చిందే నేను అమ్మాను, నాకేం తెలుసు అంటాడు. తయారుచేసినవాడెవరో తెలియనప్పుడు అమ్మినవాడే బాధ్యుడు అని అదే చట్టం 86వ సెక్షన్‌లో ఉంది, ఆ సెక్షన్ పేరు పెట్టి ఫిర్యాదులో రాయండి. 1,800 వెనక్కి, రిపేరు 34,500, ఇబ్బందికి, ఖర్చులకి న్యాయంగా అనిపించేంత అడగండి. పది లక్షలు అని రాసేవాళ్ళని చూస్తుంటాను, దానివల్ల అసలు అడగాల్సిన డబ్బు కూడా తేలికైపోతుంది. అవసరమైతే ఛార్జర్‌ని ల్యాబ్‌కి పంపమని కమిషన్‌ని అడగొచ్చు, ఆ ల్యాబ్ ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి. అప్పటిదాకా దాన్ని ఊరి మెకానిక్ చేత విప్పించకండి, లోపల ఏముందో చూద్దాం అని అబ్బాయి సరదా పడినా సరే. ల్యాప్‌టాప్ కూడా అంతే, విప్పితే మీరే పాడుచేశారంటారు. ఛార్జర్‌ని నాలుగు వైపులా ఫొటోలు తీసి, కవర్లో పెట్టి, టేపు వేసి, టేపు మీద తేదీ రాసి మీరూ అబ్బాయీ సంతకాలు పెట్టండి. షాపాయన మళ్ళీ ఫోన్ చేస్తే కోప్పడొద్దు, ఛార్జర్ కమిషన్‌కి ఇస్తామండి, మీరు ఇస్తానన్నది వాట్సాప్‌లో రాసి పెట్టండి అని మాత్రం అనండి. రాస్తే అది కూడా సాక్ష్యమే.

అబ్బాయికి ఇప్పుడు అరువు తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌కి మళ్ళీ ఛార్జర్ కావాలని, ఏది కొనాలో చెప్పమని రాశారు. ఒరిజినల్‌కి డబ్బులుంటే కంపెనీ సర్వీస్ సెంటర్లోనే కొనండి. లేకపోతే సొంత పేరు వేసుకుని, దిగుమతి చేసినవాళ్ళ అడ్రసు పెట్టె మీద ఉండి, ఆర్ నంబరు యాప్‌లో సరిపోయిన కంపాటిబుల్ కొనండి. వోల్టులు అచ్చంగా ల్యాప్‌టాప్ అడుగున రాసినంతే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు, పిన్ను అదే ఉండాలి. బిల్లు మీద మోడల్ నంబరు, ఒరిజినలో కంపాటిబులో ఆ మాట రాయించుకోండి, రాయనన్న షాపులోంచి బయటికొచ్చెయ్యండి.

ముందు మాత్రం ఈ రాత్రికే ఆ పాత ఫోన్ బయటికి తీసి ఆన్ అవుతుందో లేదో చూడండి, ఆన్ అయితే ఆ చాట్ ఇంకా ఉందో లేదో నాకు రాయండి.