జారుడుబల్ల ఒక్కటే చాలా?

ప్రశ్న: మా స్కూల్లో ఆటస్థలం బాగు చేయిద్దామనుకుంటున్నాం. ఉన్న డబ్బు ఒక పెద్ద జారుడుబల్ల సెట్టుకీ, కింద రబ్బరు నేలకీ సరిపోతుంది. దానిమీద ఆడితే పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? దెబ్బలు తగిలితే తల్లిదండ్రులు ఊరుకోరన్న టెన్షన్ ఒకటి. – ఒక టీచర్

జవాబు: డబ్బంతా ఆ సెట్టు మీదే పోయకండి టీచర్ గారూ. జారుడుబల్ల చెడ్డదని కాదు, ఎక్కడం జారడం తప్ప దాంతో చేసేదేమీ ఉండదు, కొన్నాళ్లకే విసుగొచ్చి పిల్లలు కింది నుంచి పైకి ఎక్కడం మొదలుపెడతారు, మనమేమో వద్దని కేకలేస్తాం.

డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, పిల్లలు చక్కటి పార్కుల్ని వదిలేసి పాత సామాను మధ్య ఆడుకోవడం గమనించాడు. ఆయన ఆలోచనతోనే 1943లో కోపెన్‌హేగెన్‌లోని ఎండ్రప్‌లో చెక్కలు, ఇటుకలతో పిల్లలే కట్టుకునే, కూల్చుకునే ఆటస్థలం వెలిసింది.

మీరూ ఒక గట్టి చెక్క పలక, ఒక పాత టైరు ఇచ్చి పక్కకి తప్పుకోండి. పలకని టైరు మీద అడ్డంగా వేసి చెరోవైపు కూర్చుంటారు. బరువైనవాడి వైపు నేలకి అంటుకుపోతుంది. "నువ్వు దిగు", "నువ్వే జరుగు" అని కాసేపు గొడవ. చివరికి ఎవరో టైరుని బరువైనవాడి దగ్గరికి నెడతారు, పలక లేస్తుంది! క్లాసులో తులాదండం (మీట) పాఠం ఇంకా మొదలే కాలేదు. ఆ గొడవ కూడా చదువే, మధ్యలో దూరకండి.

ఇసుక, మట్టిదిబ్బ, నీడ, ఒంటరిగా కూర్చునే పిల్లలకి ఓ చాటు, ఇవి చాలు. ఇసుక పక్కనే కుళాయి ఉండాలి (బట్టలు పాడవుతాయని దూరంగా పెడతారు, ఇక ఆ ఇసుకతో ఏం కడతారు?).

దెబ్బల సంగతి. ఎత్తు పిల్లలకి కనిపిస్తుంది, తామే లెక్కేసుకుంటారు. తుప్పు మేకులు, విరిగిన అంచులు కనిపించవు, అవి మీరు చూసుకోవాలి. 3.5 నుంచి 9 అంగుళాల సందుల్లో తల ఇరుక్కోవచ్చని, 4 అడుగుల ఎత్తు నుంచి పడితే కాచుకోవడానికి 9 అంగుళాల లోతు ఇసుక కావాలని అమెరికా భద్రతా మార్గదర్శకాల్లో ఉంది. అంటే అంత ఎత్తు వరకు రబ్బరు నేలే అక్కర్లేదు. తల్లిదండ్రుల్ని ఒకరోజు పిలిచి ఆ పలక మీద ఎక్కించండి, సగం భయం అక్కడే పోతుంది.

మిగిలిన డబ్బుతో సామానుకి ఓ షెడ్డు వేయించండి. తాళంచెవి మాత్రం ఆఫీసు రూములో పెట్టకండి.